ఆఫీసు లేని కంపెనీకి ఏడాదికో జాతర!

అందరిదీ ఒకే కంపెనీ. ఎవరి ఊళ్లో వాళ్లుంటారు. ఎవరింట్లో వాళ్లు పనిచేస్తారు. మాటామంతీ అంతా కంప్యూటరు తెరమీదే. అలాంటివాళ్లు ఏడాదికోసారి పెట్టేబేడా సర్దుకుని ఒకచోటికి చేరతారు. విమానం టికెట్లూ హోటలు గదులూ కంపెనీ ఖర్చే. వారంరోజులు కలిసి తింటారు, తిరుగుతారు, కబుర్లు చెప్పుకుంటారు... కాస్త పనీ చేస్తారు. ఆఫీసుకు అద్దె కట్టడమే దండగనుకున్న కంపెనీలు ఈ కబుర్లకోసం అంత సొమ్మెందుకు పోస్తున్నట్టు?

కెనడా పశ్చిమ కొసన విస్లర్ అని ఓ కొండ ఊరుంది. 2010 శీతకాల ఒలింపిక్స్‌లో మంచుమీద జారే పోటీలు జరిగింది అక్కడే. ఆ ఊరికి 2016లోనూ 2017లోనూ వందలకొద్దీ అతిథులొచ్చారు. దేశాలు వేరు, భాషలు వేరు, వయసులు వేరు. అందరూ ఒకే సంస్థ ఉద్యోగులు. వాళ్లలో నెలల తరబడి, ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నవాళ్లే ఎక్కువ. అయినా చాలామంది ఒకరికొకరు ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి!

ఆ సంస్థ పేరు ఆటోమాటిక్. పేరు కొత్తగా అనిపించినా దాని పని మనకు తెలిసిందే. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగు 'వర్డ్‌ప్రెస్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌మీద నడుస్తున్నాయి. 2003లో మైక్ లిటిల్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టినప్పుడు మ్యాట్ ముల్లెన్‌వెగ్ వయసు 19. రెండేళ్ల తర్వాత, 2005లో అతను పెట్టిన కంపెనీయే ఆటోమాటిక్. వర్డ్‌ప్రెస్‌ని తయారుచేసినవాళ్లంతా తలోచోటా ఉండేవారు. కాబట్టి కంపెనీ కూడా తలోచోటే మొదలైంది. ఉద్యోగంలో చేరాలంటే ఊరు మారక్కర్లేదు. అసలు ఇంటర్వ్యూ కూడా చాలాకాలం టైపు చేసుకుంటూనే జరిగేది. మొహం చూడటం, గొంతు వినడం ఏమీ ఉండేది కాదు. నచ్చితే కొన్నాళ్లు గంటకు 25 డాలర్లిచ్చి చిన్న పని అప్పగించేవారు. ఆ పని చూసే ఉద్యోగం!

అద్దె డబ్బు... టికెట్లకి

ఈ కంపెనీకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ పెద్ద ఆఫీసుండేది. ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు. కానీ వచ్చేవాళ్లేరీ! ఆ విశాలమైన హాల్లో ఏ రోజు చూసినా మనుషుల్ని వేళ్లమీద లెక్కపెట్టేయొచ్చు. ఆ నగరంలో అద్దెలేమో ఆకాశంలో ఉంటాయి. చివరికి 2017లో దాన్ని మూసేశారు.

మరి మిగిలిన డబ్బు? ఇక్కడే ఉంది అసలు లెక్క. మామూలు ఆఫీసులో ఉద్యోగులు ఏడాదిలో 48 వారాలు కలిసి ఉంటారు, మూడునాలుగు వారాలు సెలవులో విడిగా ఉంటారు. మ్యాట్ ఈ లెక్కని తిరగేశాడు. 48 వారాలు ఎవరింట్లో వాళ్లు. మూడునాలుగు వారాలు మాత్రం కలిసి. ఏడాదికి ఆ కాస్త ప్రయాణానికి సిద్ధంగా ఉండాలని ఉద్యోగంలో చేరేటప్పుడే చెబుతారు. అందులో కంపెనీ మొత్తం కలిసే వారాన్ని 'గ్రాండ్ మీటప్' అన్నారు. మిగతావి చిన్న జట్ల సమావేశాలు. అయిదుగురో పదిమందో ఓ ఊరు ఎంచుకుని, ఓ ఇల్లు అద్దెకు తీసుకుని, వారంపాటు అక్కడే వండుకుని తింటూ పనిచేయడమన్నమాట.

2010లో ఫ్లోరిడాలోని సీసైడ్ అనే చిన్న ఊరు, 2011లో బుడాపెస్ట్, 2012లో శాన్‌డీగో, ఆ తర్వాత సాంటాక్రూజ్, పార్క్‌సిటీ, విస్లర్... చివరికి 2018, 2019ల్లో ఓర్లాండో. ఊరు మారేకొద్దీ జనమూ పెరిగారు. సీసైడ్‌కి వచ్చినవాళ్లు ఒక పెళ్లిబృందమంతే. 2019 నాటికి ఉద్యోగుల సంఖ్య వెయ్యి దాటింది. అంతమందిని పదుల దేశాల నుంచి ఒకేవారంలో ఒకేచోటికి చేర్చడమంటే మాటలు కాదు. పెళ్లి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్న మన పెద్దలు దీన్ని కూడా కలిపేవారే!

'సరే' అంటే ఏ సరే?

ఇంటర్నెట్ ఉంది. వీడియో కాల్ ఉంది. క్షణంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు. ఇక మళ్లీ కలవడమెందుకు?

మన భాషలోనే చూడండి. 'సరే' అన్నది రెండక్షరాల మాట. నవ్వుతూ అంటే ఒప్పుకోలు. సాగదీసి అంటే అయిష్టం. కట్టె విరిచినట్టు అంటే కోపం. ఇంట్లో అమ్మ అన్న 'సరే' ఏదో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. అదే మాటని ఎప్పుడూ చూడని మనిషి టైపుచేసి పంపితే? మనకు ఆ పూట ఉన్న మూడ్‌ని బట్టి అర్థమవుతుంది. నాలుగురోజులు అలా అపార్థాలు పేరుకుంటే కలిసి పనిచేయడం కష్టం. అదే ఆ మనిషితో ఒక్కసారి కలిసి భోంచేశామనుకోండి. అతను మితభాషి అనీ, నవ్వకుండానే జోకులేస్తాడనీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏడాదంతా అతను పంపే ప్రతి 'సరే'నీ అతని గొంతుతోనే చదువుకుంటాం. రిట్రీట్, ఆఫ్‌సైట్, మీటప్... కంపెనీలు ఏ పేరు పెట్టినా ఈ కలయికలతో కొనుక్కునేది దీన్నే.

దూరం మనుషుల్ని ఎలా విడదీస్తుందో చాలాకాలం క్రితమే లెక్కగట్టినవాళ్లున్నారు. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ పరిశోధన సంస్థల్లో ఇంజినీర్లు ఎవరితో ఎంత తరచుగా మాట్లాడుతున్నారో గమనించి, 1977లో పుస్తకంగా వేశాడు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోయాయి. 50 మీటర్లు దాటాక వారానికొక్కసారి పలకరించుకోవడమూ అరుదే. అంటే, ఒకే ప్రాంగణంలో పక్క భవనంలో ఉన్నవాడికీ పక్క దేశంలో ఉన్నవాడికీ పెద్ద తేడా లేదన్నమాట!

ఈకాలం సంగతీ చూద్దాం. 2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, అమెరికాలోని 61,182 మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో పరిశోధకులు పరిశీలించారు. పేర్లేమీ లేకుండా వివరాలు తీసుకుని చేసిన ఆ అధ్యయనం 2021లో వెలువడింది. రోజూ కలిసి పనిచేసే నలుగురి మధ్య బంధం అలాగే ఉంది. వేరే విభాగాలవాళ్లతో ఉండే పలచని పరిచయాలే తెగిపోతూ వచ్చాయి. ఎవరి గుంపు వాళ్లదైపోయింది. నిజానికి కొత్త సంగతులు చెవిన పడేది ఆ పలచని పరిచయాల వల్లే. క్యాంటీన్ వరసలోనో లిఫ్టు దగ్గరో 'మీరేం చేస్తున్నారీమధ్య' అని అడిగితేనే కదా తెలిసేది!

2022లో ప్రచురితమైన మరో పరిశోధన ఇంకాస్త ఆసక్తికరమైనది. మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ అనే ఇద్దరు 602 మందిని జంటలుగా చేసి ఓ చిన్న పరీక్ష పెట్టారు. విసురుకుని ఆడుకునే ప్లాస్టిక్ పళ్లెం లాంటి వస్తువునిచ్చి, దీన్ని ఇంకా ఎన్నిరకాలుగా వాడొచ్చో చెప్పమన్నారు. కొన్ని జంటలు ఒకే గదిలో కూర్చున్నాయి. కొన్ని వీడియోలో మాట్లాడుకున్నాయి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకే ఎక్కువ ఆలోచనలొచ్చాయి. వీడియోలోవాళ్ల చూపంతా తెరకి అతుక్కుపోవడంతో ఆలోచన కూడా ఆ చట్రంలోనే ఇరుక్కుపోతోందన్నది వాళ్ల వివరణ. అయిదు దేశాల్లోని 1,490 మంది ఇంజినీర్లతో చేసిచూసినా ఇదే ఫలితం. అయితే వచ్చిన ఆలోచనల్లోంచి మంచిదాన్ని ఏరడంలో మాత్రం వీడియో జంటలేమీ తీసిపోలేదు!

ఇందులో పెద్ద సూత్రమే ఉంది. నలుగురి బుర్రలూ కలిసి కొత్తదారి వెతకాలంటే ఎదురెదురుగా కూర్చోవడం మేలు. దారి తెలిశాక నడవడానికి ఎవరిల్లు వాళ్లకు చాలు. వెతుకులాట కొద్దిరోజులది, నడక ఏడాదంతా ఉండేది. అందుకే ఈ కంపెనీలు ఏడాదికి కొన్ని వారాలు కలిసి, మిగతా రోజులు విడిగా ఉంటున్నాయి.

వారంరోజులూ ఏం చేస్తారు?

ఆఫీసులో చేసే పనే ఇక్కడా చేస్తే అంతదూరం వెళ్లడం దండగ. కాబట్టి ఇంట్లో కూర్చుని చేయలేనివే ఇక్కడ చేయాలి. ఆటోమాటిక్‌లో ఓ సంప్రదాయం ఉంది. గ్రాండ్ మీటప్‌కి వచ్చిన ఉద్యోగులు వేదికెక్కి నాలుగు నిమిషాలు మాట్లాడాలి. విషయం వాళ్లిష్టం. ఉద్యోగానికి సంబంధించిందే కానక్కర్లేదు. పెంచుకునే మొక్కల గురించి కావచ్చు, పుట్టిపెరిగిన ఊరి గురించి కావచ్చు. అప్పటిదాకా తెరమీద ఓ పేరూ చిన్న బొమ్మా మాత్రమే అయిన మనిషి ఆ నాలుగు నిమిషాల్లో మనిషిగా మారిపోతాడు. మర్నాడు టిఫిన్ దగ్గర పలకరించడానికి ఓ మాట దొరుకుతుంది.

తొలినాళ్ల మీటప్‌లలో ఇంకో పద్ధతి ఉండేది. చిన్నచిన్న జట్లుగా విడిపోయి, ఏదో ఒక పని ఎంచుకుని, వారాంతానికల్లా పూర్తిచేసి అందరికీ చూపించడం. స్కాట్ బెర్కున్ అనే రచయిత 2010లో ఆ కంపెనీలో చేరి, ఓ జట్టుకి నాయకుడిగా పనిచేసి, ఆ అనుభవాలను 2013లో పుస్తకంగా రాశాడు. అతని జట్టు ఏథెన్స్ లాంటి నగరాల్లో కలిసి కూర్చుని పనిచేసిన రోజుల గురించి అందులో ఉంది.

గిట్‌ల్యాబ్ అనే మరో కంపెనీది ఇంకో తీరు. ఏ విషయం మీద మాట్లాడుకోవాలో పైవాళ్లు చెప్పరు. వచ్చినవాళ్లే అంశాలు ప్రతిపాదిస్తారు. నచ్చినవాళ్లు ఆ గుంపులో కూర్చుంటారు. సాయంత్రాలు ఊరు చూడటం. మామూలుగా ఆఫీసుల్లో జరిగే సమావేశాలు, లెక్కల సమీక్షలు వీలైనంత వరకు పెట్టుకోరు. అవి తెరమీద ఎలాగూ జరుగుతాయి కదా!

ఈ రహస్యం తెలియని కంపెనీలు చేసే పొరపాట్లు చూస్తే నవ్వొస్తుంది. లక్షలు పోసి సముద్రతీరానికి తీసుకెళతారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఏసీ హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు. సముద్రం హోరు వినిపిస్తుంటుంది, కనిపించదు! ఇంకొన్నిచోట్ల దీనికి పూర్తిగా విరుద్ధం. పొద్దున్నే తాడులాగుడు, మధ్యాహ్నం బస్తాల్లో పరుగు, రాత్రి మందు పార్టీ. ఇష్టం లేకపోయినా నవ్వుతూ నిలబడాల్సిందే. తాగనివాళ్లూ, మాంసం తిననివాళ్లూ, పదిమందిలో బిగుసుకుపోయేవాళ్లూ ఓ మూల మిగిలిపోతారు. వచ్చిన దూరాన్నీ మరిచిపోతారు. హైదరాబాద్ నుంచి అమెరికా పశ్చిమతీరానికి వెళ్లిన మనిషికి పగలూ రాత్రీ తారుమారవుతాయి. గడియారం పన్నెండు గంటలకు పైనే వెనక్కి వెళుతుంది. అలాంటివాణ్ని దిగిన రోజే ముఖ్యమైన సమావేశంలో కూర్చోబెడితే ఆవులింతలు తప్ప ఏం వస్తాయి! మొదటిరోజు విశ్రాంతికి, మధ్యలో ఓ పూట ఎవరి ఇష్టానికి వాళ్లకు వదిలేయడం తెలివైనవాళ్ల పద్ధతి.

ఆ జనవరిలో...

ఈ కలయికలకి నిజమైన పరీక్ష విందుల్లో కాదు, కష్టం వచ్చినప్పుడు. గిట్‌ల్యాబ్ కథ అందుకు ఉదాహరణ.

ఉక్రెయిన్‌లో దిమిత్రి జపరోజెట్స్ అనే ప్రోగ్రామరుండేవాడు. అతనింట్లో కుళాయి లేదు. రోజూ వీధి బావి దగ్గరికెళ్లి నీళ్లు తెచ్చుకోవాలి. అయినా అతన్ని అంతకన్నా ఎక్కువ బాధపెట్టిన సమస్య వేరే. నలుగురు ప్రోగ్రామర్లు కలిసి పనిచేసుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ లేదు! 2011లో తనే రాయడం మొదలెట్టాడు. నెదర్లాండ్స్‌లో ఉన్న సిడ్ సిబ్రాండీ అనే ఆయన దాన్ని చూసి ముచ్చటపడి చేయి కలిపాడు. అలా పుట్టిందే గిట్‌ల్యాబ్. ఇద్దరు పెట్టినవాళ్లూ రెండు దేశాల్లో ఉన్నప్పుడు ఇక ప్రధాన కార్యాలయం ఎక్కడుంటుంది? ఎక్కడా లేదు. 2021లో అమెరికా స్టాక్‌మార్కెట్‌కి వెళ్లినప్పుడు కూడా ఆఫీసు లేని కంపెనీగానే వెళ్లింది.

2017 జనవరిలో ఆ కంపెనీ ఉద్యోగులంతా మెక్సికోలోని కాంకూన్ తీరంలో కలిశారు. అదే నెల 31న పిడుగు పడింది. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఓ ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్లోని సమాచారాన్ని చెరిపేశాడు. గుర్తించి ఆపేసరికే దాదాపు అంతా పోయింది. పోతేపోయింది, ఇంకోచోట దాచిన కాపీ ఉంటుంది కదా అని చూస్తే, ఒకటి కాదు రెండు కాదు... ఉన్నాయనుకున్న ఏర్పాట్లేవీ సరిగ్గా పనిచేయడంలేదు! ఎవరో యాదృచ్ఛికంగా ఆరుగంటల ముందు తీసిపెట్టిన కాపీ ఒక్కటే దిక్కయింది. ఆ ఆరుగంటల్లో ప్రపంచమంతటా వినియోగదారులు నమోదుచేసిన వివరాలు పోయాయి.

అప్పుడా కంపెనీ చేసిన పని అందరినీ ఆశ్చర్యపరిచింది. దాచిపెట్టలేదు. మరమ్మతు జరుగుతున్న తీరునంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. తర్వాత రాసిన నివేదికలో ఆ ఇంజినీరు పేరు లేదు. 'జట్టు సభ్యుడు 1' అని మాత్రమే ఉంది. తప్పు మనిషిది కాదు, కాపీలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోని మా పద్ధతిది అని తేల్చారు.

కాంకూన్‌లో కలిసినందుకే ఇలా జరిగిందని ఎవరూ నిరూపించలేరు. కానీ ఒక్కటి ఆలోచించండి. తప్పు చేసినవాడు తెరమీద ఓ పేరు మాత్రమే అయితే, వేలెత్తి చూపడం తేలిక. మూడువారాల కిందట పక్కన కూర్చుని భోంచేసిన మనిషైతే, ముందు 'ఏం కాదులే, చూద్దాం' అనే మాటే నోటికొస్తుంది. ఆపదలో ఆ మాట దొరకని చోట తప్పు చేసినవాడు దాన్ని దాచుకుంటాడు. చిన్న తప్పు పెద్దదవుతుంది.

సముద్రతీరం చాలదు

అలాగని ఏడాదికో విహారయాత్ర వేస్తే అన్నీ చక్కబడతాయనుకోవడానికీ లేదు. బఫర్ అనే చిన్న కంపెనీ 2010లో మొదలైంది. దానిదీ ఆఫీసు లేని కాపురమే. కేప్‌టౌన్, సిడ్నీ, రెక్జావిక్... ఇలా దేశదేశాల్లో కలిసేవారు. 2016 మొదట్లో హవాయి దీవుల్లో కలిశారు. అదే ఏడాది జూన్‌లో 10 మందిని ఉద్యోగాల్లోంచి తీసేయాల్సివచ్చింది. ఆదాయానికి మించిన వేగంతో జట్టును పెంచుకుంటూ పోయామని దాని అధిపతి జోయెల్ గాస్కోయిన్ బహిరంగంగానే రాశాడు. కలిసి ఆడిపాడిన నాలుగైదు నెలలకే ఉద్యోగం పోయినవాళ్ల బాధ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. స్నేహం పెంచుకోవడం మంచిదే, జీతాలిచ్చే లెక్క సరిగ్గా లేకపోతే ఆ స్నేహం ఎవర్నీ కాపాడలేదు. ఆ తర్వాతా బఫర్ ఈ కలయికల్ని మానలేదు. 2017లో మాడ్రిడ్‌లో కలిశారు.

మానకపోవడానికి ఓ కారణముంది. దూరం నుంచి పనిచేసేవాళ్ల కష్టసుఖాలమీద బఫర్ ఏటా ఓ సర్వే చేస్తూ వచ్చింది. వాళ్లు చెప్పే కష్టాల్లో ఒంటరితనం ఎప్పుడూ పై వరసలోనే ఉంటోంది. ట్రాఫిక్ బాధ లేదు, అమ్మ చేతి వంట తినొచ్చు... ఇవన్నీ నిజమే. కానీ పొద్దుటి నుంచీ రాత్రిదాకా గదిలో ఒక్కరే. ముఖ్యంగా చదువైపోగానే అలాంటి ఉద్యోగంలో చేరిన పిల్లలకు పక్కన కూర్చుని నేర్పేవాళ్లుండరు. అడగడానికి మొహమాటం. ఇలాంటివాళ్లకే ఆ వారం అందరికన్నా ఎక్కువ అవసరం.

రాలేనివాళ్ల సంగతి?

అందరూ కలవాలని పిలిస్తే అందరూ రాగలరా? చంటిబిడ్డ తల్లి ఎలా వస్తుంది? మంచంపట్టిన అత్తగారిని చూసుకునే కోడలు, డయాలసిస్ చేయించుకునే ఉద్యోగి, విమానమంటేనే గుండెదడ వచ్చే మనిషి... వీళ్లు?

మనవాళ్లకైతే ఇంకో గండం ఉంది. వీసా! కలిసేది అమెరికాలోనో ఐరోపాలోనో అయితే అక్కడివాళ్లు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బయల్దేరతారు. మనవాళ్లు మాత్రం కాగితాల కట్టతో వరసలో నిలబడాలి. 2022, 2023ల్లో మనదేశంలో అమెరికా సందర్శక వీసా ఇంటర్వ్యూకి ఏడాదికి మించి ఎదురుచూడాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. మూడునెలల ముందు తేదీ ప్రకటించి 'వచ్చేయండి' అంటే ఎలా వస్తారు? పిలిచినట్టే ఉంటుంది, వాకిలి మాత్రం వేసి ఉంటుంది. అందుకే చోటు ఎంచుకునేటప్పుడే 'మనవాళ్లలో ఎందరికి ఆ దేశం వీసా తేలిగ్గా దొరుకుతుంది' అని చూసుకోవడం పద్ధతైన కంపెనీ లక్షణం.

రాకపోతే తప్పులేదని చెప్పడం రెండోది. గిట్‌ల్యాబ్ ఈ సమావేశాలకు రావడం తప్పనిసరి కాదంది. జీవిత భాగస్వామిని వెంట తెచ్చుకోవచ్చనీ చెప్పింది. అయితే నోటితో 'తప్పనిసరి కాదు' అంటే సరిపోదు. వచ్చినవాళ్లు రాత్రి భోజనాల దగ్గర ఓ నిర్ణయం తీసేసుకుని, రానివాళ్లకు అది నెల తర్వాత తెలిస్తే, ఆ వారం కలిపినదానికన్నా విడదీసిందే ఎక్కువవుతుంది. మాట్లాడుకున్న ప్రతి ముఖ్యవిషయాన్నీ అదేరోజు రాసి అందరికీ పంపడం, తుది నిర్ణయానికి రానివాళ్ల మాట కోసం ఆగడం... ఇవి చేస్తేనే న్యాయం. పెళ్లికి రాలేని చుట్టానికి మిఠాయి పొట్లం పంపుతామే, అలాగే!

అందరూ రాలేని రోజు ఒకసారి నిజంగానే వచ్చింది. 2020 మార్చిలో గిట్‌ల్యాబ్ వాళ్లంతా ప్రాగ్ నగరంలో కలవాల్సింది. కరోనా కమ్ముకొచ్చింది. ప్రయాణం రద్దుచేసి, కలయికని కంప్యూటర్లలోనే జరుపుకొన్నారు. వాళ్లు ఆ రోజు చేసినట్టే ఆ తర్వాత ప్రపంచమంతా చేసింది.

మన ఊళ్లోనూ...

కరోనాతో ఊరికి చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లల్ని మనమూ చూశాం. అరుగుమీద ల్యాప్‌టాప్, పక్కన కాఫీ గ్లాసు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కి పిలిచాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి అయిదురోజులూ ఆఫీసుకు రావాల్సిందేనంది. విదేశాల్లోని చిన్న కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసేవాళ్లు మాత్రం మన పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఉన్నారు. అందుకే 'ఆఫీసే లేదంటావు, వారంరోజులు ఎక్కడికో రమ్మంటున్నారంటావు, ఇదేం ఉద్యోగంరా!' అని ఆశ్చర్యపోయే అమ్మానాన్నలకు ఈ సంగతులు తెలియడం అవసరం.

నిజానికి ఇలా కలవడం మనకూ కొత్తకాదు. తెలుగు వికీపీడియా సంగతే తీసుకోండి. అది కంపెనీ కాదు, జీతాలూ లేవు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వాన్ని రాసేవాళ్లలో ఒకరిది ఒక ఊరైతే మరొకరిది ఇంకో ఖండం. తెరమీద వ్యాసం గురించి వాదించుకుంటూ ఉంటారు. పదేళ్లు నిండిన సందర్భంగా 2014 ఫిబ్రవరిలో విజయవాడలో కలిశారు. ఇరవయ్యేళ్లకి 2024 జనవరిలో విశాఖపట్నంలో కలిశారు. దేశంలోని అన్ని భాషల వికీపీడియన్ల సమావేశం 2023 ఏప్రిల్లో హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉండి డెబియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసేవాళ్లు 2023 సెప్టెంబరులో కొచ్చిలో కలిశారు. లాభం లేనివాళ్లు కూడా ఛార్జీలు పెట్టుకుని కలుస్తున్నారంటే, అందులో విహారాన్ని మించిన అవసరం ఏదో ఉన్నట్టేగా!

చేరేముందు అడగండి

'ఇంటి నుంచే పని, ఏడాదికోసారి అందరం కలుస్తాం' అని ఏదైనా కంపెనీ చెబితే సంతోషించండి. సంతకం పెట్టేముందు మాత్రం ఇవి అడగండి.

* టికెట్లు, వీసా ఖర్చు, ప్రయాణ బీమా ఎవరివి? ముందుగా ఇస్తారా, మన జేబులోంచి పెట్టుకుంటే తర్వాత చెల్లిస్తారా?

* వెళ్లిరావడానికి పట్టే రోజులు పనిదినాలుగా లెక్కేస్తారా, మన సెలవులోంచి కోస్తారా? శని, ఆదివారాలు ప్రయాణంలో పోతే బదులు సెలవుంటుందా?

* తేదీలూ ఊరూ ఎన్ని నెలల ముందు చెబుతారు? వీసా కోసం ఆహ్వానపత్రం ఇస్తారా?

* విడి గది ఇస్తారా, తెలియనివాళ్లతో పంచుకోవాలా? ఆడపిల్లలు ఈ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

* రాలేకపోతే జీతం పెంపులో, పదోన్నతిలో తేడా వస్తుందా?

* అక్కడ ఏదైనా ఇబ్బంది ఎదురైతే, ఎవరైనా హద్దుమీరితే ఫిర్యాదు ఎవరికి చేయాలి? వారి ఫోన్ నంబరేది?

ఆఖరి ప్రశ్నకు జవాబు తడుముకోకుండా చెప్పారంటే ఆ కంపెనీ మనుషుల గురించి ఆలోచించినట్టే.

ఇంతకీ ఆ వారం సార్థకమైందో లేదో ఎలా తెలుస్తుంది? సముద్రపొడ్డున అందరూ గాల్లోకి ఎగిరి దిగిన ఫొటో చూస్తే తెలియదు. అందరూ ఇళ్లకు చేరి, బట్టలు ఉతుక్కుని, మళ్లీ ఎవరి గదిలో వాళ్లు కూర్చున్నాక వచ్చే సోమవారం తెలుస్తుంది. అప్పటిదాకా సందేహం వస్తే రెండురోజులు తనలోనే నలిగిపోయిన కొత్తబ్బాయి, వేల మైళ్ల అవతలున్న పెద్దాయనకి సంకోచం లేకుండా 'ఇది నాకు అర్థంకాలేదు, కాస్త చెబుతారా' అని రాశాడనుకోండి... టికెట్ల డబ్బు వచ్చేసినట్టే!